నిండు బిందెతోని అట్ల నిలవడరు

సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే ఇళ్లను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1970ల్లో, నా చిన్నతనంలో, మా వాడకట్టులో తెల్లారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. మాది సాలెల ఇల్లు. నాయిన మగ్గం ముందటి అర్రలో ఉండేది. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, కింద పలకలు తొక్కుతూ, అడ్డపోగును మోసుకుపోయే నాడెను అటూ ఇటూ పంపుతూ నేసేవాడు. చప్పుడు ఒక్కసారిగా ఆగిందంటే చీరలోని గొల్లభామ బొమ్మ దగ్గరికి వచ్చాడని లెక్క. అక్కడ నాడెతో పని జరగదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నూలు చుట్టిన చిన్న చిన్న కండెలు తీసుకుని, పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఏవి ఎత్తాలో, ఎన్ని వదలాలో వేళ్లతో చూసుకుంటూ ఒక్కో రంగునూ చేత్తో దూర్చాలి. ఒక వరస బొమ్మ, ఒక వరస మామూలు అడ్డపోగు పేక, మళ్లీ బొమ్మ. ఆ కాస్త జాగాకు పట్టే సమయంలో మామూలు నేత ఎంతో ముందుకు పోయేది. అందుకే పెద్దవాళ్లు ఆ పనిని విసుక్కునేవాళ్లు. నాకు మాత్రం అదే ఇష్టం. ఎదురుగా కూర్చుంటే కొంచెం కొంచెంగా లంగా కనిపించేది, తర్వాత నడుము, చెయ్యి, తల మీది పాలకుండ.

ఆ గొల్లభామలో వంపు తిరిగిన గీత ఒక్కటి కూడా ఉండదు. నూలు అడ్డంగానో నిలువుగానో పోవాల్సిందే కాబట్టి బొమ్మంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే అన్నీ గళ్లు. రెండడుగులు వెనక్కి జరిగితే నడుస్తున్న మనిషి. ఈ మాయ ఎక్కడ జరుగుతుందో కనిపెడదామని ముందుకూ వెనక్కూ జరిగేవాణ్ని. మధ్యలో రాట్నం తన్ని తిట్లు తినేవాణ్ని. "ఈమె ఎవలు నాయినా?" అని అడిగితే, "పాలమ్మే గొల్లామె, ఇంకెవలు?" అన్నాడు. నేను అచ్చంగా నమ్మాను. మా వాడకు పొద్దున్నే పెరుగు, సల్ల తెచ్చే ఒక పెద్దవ్వ ఉండేది. ఆమె వెంట వీధి చివరిదాకా నడిచాను. కుండ తల మీద ఉన్నంతసేపూ ఆమె మెడ కదలదు. ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది. ఇంటికొచ్చి చీర చూశాను. గొల్లభామ మెడ కూడా నిటారుగానే ఉంది. ఎప్పుడో, ఎవరో ఒక సాలాయన అట్లాంటి ఒక మనిషిని కళ్లారా చూసే ఈ పోగుల లెక్క కట్టి ఉంటాడు.

మా ఇంట్లో ఇంకో ఆడమనిషి బొమ్మ కూడా ఉండేది. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ మీద, చెరువు గట్టున, నడుం మీద ఇత్తడి బిందె పెట్టుకుని ఒకామె నవ్వుతూ నిలబడి ఉండేది. ఏడాది అయిపోయాక తేదీల కాగితాలు చింపేసి బొమ్మను మాత్రం ఉంచుకున్నాం. నేను దాన్ని పలక మీద దింపుతుంటే నాయినమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"నిండు బిందెతోని ఎవ్వలన్న అట్ల నిలవడ్తరా? నడుము గీ పక్కకు పోవాలె. రెండో చెయ్యి దూరంగ లేవాలె. దాని బిందె ఉత్తదే కొడకా, అండ్ల నీళ్లు లెవ్వు."

అంతటితో ఊరుకోలేదు. లోపలికి పోయి నిండు బిందె ఎత్తుకొచ్చి వాకిట్లో నిలబడి చూపించింది. అప్పటికి ఆమెకు అరవై దాటి ఉంటాయి. నడుము ఒక పక్కకు విరిగింది, ఇటు భుజం కిందికి దిగింది, అటు చెయ్యి తనంతట తాను గాల్లోకి లేచింది, పాదాలు ఎడమయ్యాయి. క్యాలెండర్‌లో ఆమె చూసేవాళ్ల కోసం నిలబడింది. మా నాయినమ్మ బిందె కోసం నిలబడింది. బొమ్మల గురించి తర్వాత చాలా విన్నాను, కొన్ని పుస్తకాలూ చదివాను. ఆ రోజు వాకిట్లో విన్నంత పనికొచ్చే మాట మాత్రం మళ్లీ దొరకలేదు.

ఇక నా మకాం బోరింగు దగ్గరికి మారింది. బోరింగు కొట్టే మనిషి పిడి పైకి లేచినప్పుడు ముని వేళ్ల మీద లేస్తుంది, కిందికి దిగినప్పుడు మోకాళ్లు వంచి ఒళ్లంతా దాని మీద వేస్తుంది. ఒక చంకన పిల్ల, ఇంకో పక్క బిందె ఉన్నామె నడక వేరు. తల మీద రెండు బిందెలు ఉన్నామె నడక వేరు. ఇవన్నీ పలక మీద గీసుకుంటూ తుడుచుకుంటూ కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకు ఎవరో పోయి మా ఇంట్లో చెప్పారు, "మీ పోరడు బోరింగు కాడ కూసొని ఆడోళ్లనే సూస్తుండు" అని. నాయిన చేస్తున్న పని ఆపి కోపంగా వచ్చాడు. పలక చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. "జెర దూరంగ కూసొని సూడు" అని పలక తిరిగి ఇచ్చి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

మా సాలెవాళ్ల ఇళ్లకు కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. మార్కండేయ పురాణం చెప్పేది వాళ్లే. మా కులం ఎట్లా పుట్టిందో, నేత ఎట్లా వచ్చిందో, భావనారుషి ఎవరో రాత్రిపూట పటం కట్టి పాడి చెప్పేవాళ్లు. పటం అంటే గజాల కొద్దీ పొడవున్న గుడ్డ. ఒక్కో ఘట్టం ఒక్కో అడ్డపట్టీలో వేసి ఉంటుంది. కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుతుంటారు. వెనకంతా ఎర్రటి ఎరుపు. పెట్రోమాక్స్ దీపం వెలుగులో ఆ ఎరుపు మీద పసుపు పచ్చటి మనుషులు, నీలం రంగు మనుషులు, పెద్ద పెద్ద కళ్లతో పక్కకు చూస్తూ ఉండేవాళ్లు. కథ నాకు సగం అర్థమయ్యేది కాదు. నేను వెతికేది వేరే. దేవుళ్లు, రుషులు ఉన్న ఆ పటంలోనే ఎక్కడో ఒక మూల మగ్గం కనిపించేది. దాన్ని చూడగానే మా నాయిన ముఖం చూసేవాణ్ని. ఆయన మామూలుగానే బీడీ తాగుతూ వింటుండేవాడు. మేము రోజూ కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత దేవుడి కథలో కూడా ఉందంటే నాకు ఒళ్లు పొంగేది. అప్పట్లో అనుకున్నాను, ప్రతి కులం వాళ్ల పటంలోనూ వాళ్ల పని ఉంటుందేమోనని. తర్వాత తెలిసింది, ముదిరాజులకు కాకి పడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ఇట్లా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు వేరు, పటం వేరు.

ఆ పటాలు వేసేది చేర్యాల నకాషీవాళ్లు. మాకు దూరమేమీ కాదు, 2016లో కొత్త జిల్లాలు అయ్యాక చేర్యాల మా సిద్దిపేట జిల్లాలోకే వచ్చింది. హైస్కూల్లో ఉండగా బస్సెక్కి చూడ్డానికి పోయాను. రంగుల కన్నా ముందు నన్ను ఆపేసింది గుడ్డ తయారుచేసే పద్ధతి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించిన జిగురు, తుమ్మబంక కలిపి పట్టిస్తారు. ఆరాక మళ్లీ పట్టిస్తారు. గంజి వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా వాడలో పడుగు వీధి పొడుగునా చాపి గంజి పట్టిస్తుంటే ఆ వాసనలోనే ఆడుకున్నాం. మా ఇంట్లో నూలుకు పట్టేది ఇక్కడ బొమ్మకు పడుతున్నారు. వాళ్ల కుంచెలు ఉడుత వెంట్రుకలతో కట్టినవి. ముందు బొమ్మల ఆకారం గీసి, చుట్టూ ఎరుపు నింపి, తర్వాత ఒంటి రంగులు, బట్టల రంగులు, అన్నిటికన్నా చివర నల్ల గీత. ఆ నల్ల గీత పడేదాకా అవి రంగు మరకలు. గీత పడగానే మనుషులు. ఈనాటికీ నేను బొమ్మ వేసే వరస ఇదే.

రంగుల సంగతి మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నేర్పుతున్నానని ఆమె అనుకోలేదు. బతుకమ్మ పేర్చే రోజున వాకిలంతా పూలే. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడి. అడుగున గుమ్మడాకులు పరిచి, మీద తంగేడు వరస, దాని మీద గునుగు వరస. గునుగు తెల్లగా ఉంటుంది కాబట్టి కొనలు సమంగా కోసి, కొట్టులో తెచ్చిన రంగుల్లో ముంచి గులాబీ రంగు, నీలం, ఆకుపచ్చ చేస్తారు. నాకు ఆ రంగుల నీళ్ల గిన్నెలంటే పిచ్చి. అన్ని గునుగు కట్టలూ ముంచేయబోతే అమ్మ ఆపేది. "కొన్ని తెల్లయి ఉంచు బిడ్డా. గులాబీ పక్కన పచ్చది పెడ్తే రెండు కొట్టుకుంటయి. నడుమ తెల్లది పడ్తే రెండూ నిలవడ్తయి." తర్వాత డ్రాయింగ్ పరీక్షల పుస్తకంలో ఎదురు రంగులు, వాటి మధ్య తటస్థ రంగు అంటూ ఒక పాఠం వచ్చింది. ఆ పాఠం నేను చదవాల్సిన అవసరం రాలేదు. ఇంకో సంగతి కూడా అమ్మ చేతిలో చూశాను. కింద వరస వెడల్పు, పోనుపోను సన్నం, పైన గౌరమ్మ. పొద్దంతా అంత కష్టపడి పేర్చింది సాయంత్రం కోమటి చెరువులో వదిలేసి ఖాళీ తాంబాళంతో ఇంటికొచ్చేవాళ్లు. నాకు ఏడుపొచ్చేది. అమ్మకు ఏమీ అనిపించేది కాదు. "ఏడాదికి మల్ల పేరుస్తం గద."

పదో తరగతి తర్వాత హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరాలని ఉండేది. ఇంట్లో కుదరలేదు, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మరమగ్గాల గుడ్డ వచ్చి చేనేతను పక్కకు నెడుతున్న రోజులవి. సిద్దిపేటలో ఒక సైన్‌బోర్డుల షాపులో పనికి చేరాను. మా ఉస్తాద్ తక్కువ మాటల మనిషి. మొదట చాలాకాలం నా చేత కుంచెలు కడిగించాడు, డబ్బాల మీద మూతలు పెట్టించాడు, రేకుకు ప్రైమర్ కొట్టించాడు. తర్వాత దారానికి చాక్‌పీస్ పొడి పూసి, రెండు కొసలా పట్టుకుని, మధ్యలో లాగి వదిలి గీత కొట్టడం. రేకు మీద తెల్లటి గీత ఎంత తిన్నగా పడేదో! అక్షరాలు ఆ తర్వాత. తెలుగు అక్షరాలకు ఒంపులు ఎక్కువ, ఎనామిల్ పెయింటుకు ఓపిక తక్కువ. కుంచె ఆగిందంటే కారుతుంది. తలకట్టు ఒకే ఊపులో రావాలి, 'ఠ'కు చుట్టు ఒకే ఊపులో రావాలి. చిన్న బొమ్మను పెద్ద బోర్డుకు ఎక్కించడానికి గళ్లు కొట్టడం నేర్పినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. కాగితం మీద గళ్లు, గోడ మీద పెద్ద గళ్లు, ఏ గడిలో ఏ గీత పోతుందో చూసి దింపడం. ఇది మా నాయిన పోగులు లెక్కపెట్టే పనే. ఉస్తాద్ "ఎట్ల దొరకవట్టినవురా ఇంత జెల్ది?" అన్నాడు. "ఇంటి పనే ఉస్తాద్" అన్నాను.

1982లో తెలుగుదేశం పార్టీ పుట్టింది. 1983 జనవరి ఎన్నికల కోసం ఊరూరా గోడల మీద సైకిళ్లు వేశాం. చెయ్యి గుర్తు వేసేటప్పుడు ఇబ్బంది లేదు, నీ చెయ్యి గోడకు ఆనించి చుట్టూ గీత గీసినా సరిపోతుంది. సైకిలు అట్లా కాదు. చెయిను ఎక్కడ తగులుతుందో, ఫోర్కు ఎంత ముందుకు వంగుతుందో తెలియకుండా వేస్తే అది ఎక్కడికీ పోదు. ఒక ఊళ్లో సైకిలు రిపేరు చేసే తాత నేను గోడ మీద వేస్తుంటే పక్కనే నిలబడి, నట్టు నట్టుకూ చెబుతూ వేయించుకున్నాడు. పార్టీ ఏదైనా ఆయనకు పట్టింపు లేదు. సైకిలు సరిగ్గా ఉండాలి, అంతే. నాయినమ్మ బిందెకు, ఆ తాత సైకిలుకు తేడా లేదని అక్కడే, నిచ్చెన మీదే అనిపించింది. పని చేసే మనిషికి బొమ్మలో ముందు కనిపించేది ఆ పని జరుగుతుందా లేదా అన్నదే.

ఆ రోజుల్లోనే కాపు రాజయ్య గారి బొమ్మలు చూశాను. సిద్దిపేటలో ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. 1925లో పుట్టి, డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ, 2012లో కన్నుమూసేదాకా మా వైపు బతుకులనే వేసిన మనిషి. బోనాలు, బతుకమ్మ, కోలాటం, పొలం పనులు. ఒక ప్రదర్శనలో వాటిని మొదటిసారి చూసినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అద్దం బిగించిన ఫ్రేముల్లో దేవుడి పటాలు చూశాను, నాయకుల ఫోటోలు చూశాను. మా అమ్మ కట్టే రకం చీర కట్టుకున్న ఆడమనిషిని ఫ్రేములో చూడటం అదే మొదలు. నకాషీ గీత ఉంది, ఆ చదును రంగులు ఉన్నాయి, కానీ పటంలో దేవుళ్లు ఉన్న చోట మా వాడ మనుషులు ఉన్నారు. బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల మెడల కోసం చూశాను. నాయినమ్మ పెట్టే పరీక్షకు నిలబడ్డాయి. ఆయన అక్కడే, కొంచెం దూరంలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. పలకరించే ధైర్యం నాకు చాలలేదు. బయటికొచ్చి టీ తాగి మళ్లీ లోపలికి పోయి ఇంకోసారి చూశాను.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆ తర్వాత టీచరు ట్రైనింగు టీటీసీ పాసై, నేను కూడా డ్రాయింగ్ సారునే అయ్యాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే ఎట్లా ఉంటుందో చదువుకున్నవాళ్లకు తెలుసు. లెక్కల సారు పోర్షన్ కాకపోతే ముందు పోయేది నా పీరియడే. దొరికిన పీరియడ్లో పిల్లలను "మీ ఊరి బొమ్మ వెయ్యండి" అంటే అందరూ ఒకటే వేసేవాళ్లు. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, ఒక నది, ఒక గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు. మా మండలంలో నది లేదు. కొబ్బరితోట చూసిన పిల్లలు క్లాసులో ఉన్నారో లేదో. కిటికీ బయట తాటిచెట్లు, గుండ్రాళ్ల గుట్ట, ఎండిన చెరువు. వాటి వంక ఎవరూ తల కూడా తిప్పరు.

ఒక ఏడాది పద్ధతి మార్చాను. "ముఖం వెయ్యొద్దు. మీ ఇంట్లో ఎవరైనా ఒకరు పని చేస్తుంటే వెనక నుంచి వేసుకు రండి. ఏం పని చేస్తున్నారో మాకు తెలియాలి" అన్నాను. మరునాడు వచ్చిన కాగితాలు నా దగ్గర ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వంచిన వీపు, రెండు పక్కలా కనిపించే మోచేతులు, నేల మీద గిన్నెల కుప్ప. కల్లు గీసే తండ్రి, నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, చుట్టూ ఏమీ లేదు, కాగితం నిండా చెట్టు ఒక్కటే. కూరగాయల గంప దింపుకుంటున్న అమ్మ, అవతల నుంచి సాయం పట్టిన రెండు చేతులు, ఆ చేతులు ఎవరివో కాగితంలో లేదు. వెనక బెంచీ పిల్లాడొకడు మంచం, దాని మీద దుప్పటి, దుప్పటి బయటికి రెండు పాదాలు వేసుకొచ్చాడు. "ఇదేం పనిరా?" అన్నాను. "మా నాయిన ఏం పని చెయ్యడు సార్. ఉన్నదే ఏసిన." క్లాసంతా ఒకటే నవ్వు. నేను ఆ బొమ్మకే ఎక్కువ మార్కులు వేశాను. నిద్రపోయే మనిషి పాదాలు అట్లాగే పక్కకు వాలి ఉంటాయి.

మగ్గం ఆగిపోయాక మా ఇంటికి బీడీలు వచ్చాయి. చాలా సాలెల ఇళ్లలో జరిగిందే. అమ్మ, వదిన, పక్కింటి ఆడవాళ్లు అరుగు మీద వరసగా కూర్చుని ఒళ్లో చాటలు పెట్టుకునేవాళ్లు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు తీసి, రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం, చిటికెడు తంబాకు పెట్టి రెండు చేతుల వేళ్లతో చుట్టడం, కొస మడవడం, దారం చుట్టి తెంపడం. చూపు ఒక్కోసారి వీధిలోనే ఉంటుంది, నోట్లో ఎవరి పెళ్లి కబురో నడుస్తుంటుంది, చేతులు మాత్రం ఆగవు. సాయంత్రానికి కార్ఖానాకు లెక్క అప్పజెప్పాలి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చెయ్యికి ఊళ్లో ఒక గౌరవం ఉండేది. ఆ వేళ్ల కొసలు నల్లబడి ఉండేవి, అన్నం తింటుంటే కూడా తంబాకు వాసన. నేను ఎక్కువ గీసింది ఆ అరుగునే. కాగితాలకు కాగితాలు. వేళ్లు గీయడం కష్టమని అందరూ అంటారు, నిజమే. కానీ ఆ వేళ్లు ఏం పట్టుకున్నాయో, ఎటు నెడుతున్నాయో తెలిస్తే సగం కష్టం పోతుంది.

అమ్మ బీడీలు చుడుతున్న బొమ్మ ఒకటి పెద్దగా వేశాను. ఆకు రంగు కోసం చాలా అవస్థ పడ్డాను. తడి తునికాకు ఆకుపచ్చా కాదు, మట్టి రంగూ కాదు. పూర్తయ్యాక గోడకు ఆనించి అమ్మను పిలిచి చూపించాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, దగ్గరగా చూసి, దూరంగా చూసి, అంది:

"ఇది ఏ యాళ్ల?"

ఎండ చూసి చెప్పాను, "పొద్దుగూకే యాళ్ల అమ్మా. నీడలు పొడుగున్నయి గద."

"మరి పొద్దుగూకే యాళ్లకు చాటల గిన్నే ఉంటయా బీడీలు? గీ లెక్క చేస్తే నన్ను పనిల ఉంచుకుంటరా?"

కుప్ప పెద్దది చేసేదాకా ఒప్పుకోలేదు. నేను చేశాను, బొమ్మ ఇంకా బాగుపడింది కూడా. కింద ఒక మూలన ఖాళీగా ఉన్న జాగాలో బరువు పడింది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బొమ్మ మా చిన్నోడి ఇంట్లో ఉంది. నేను అమ్మలేదు, అమ్మను కూడా.

ఒకసారి ఒక ఆఫీసు వాళ్లు గోడలకు బొమ్మలు కావాలని పిలిచారు. నా సంచిలోంచి బీడీల అరుగు, బోరింగు, పడుగు చాపుతున్న వీధి తీసి చూపించాను. పెద్దాయన మర్యాదగానే చూశాడు. చూసి, "బాగున్నాయి గానీ మాస్టారూ, వీటిలో బీదరికం కనబడుతోంది. కొంచెం సీనరీలు ఉంటే చెప్పండి" అన్నాడు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. మా క్లాసు పిల్లలను పంపిస్తానని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

వీలు దొరికినప్పుడల్లా హైదరాబాద్ పోయి గ్యాలరీలు చూసేవాణ్ని. లక్ష్మాగౌడ్ గారి గీతలు చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన బరోడా వరకూ పోయి చదువుకుని కూడా ఆ మేకలను, ఆ మోటు మనుషులను వదల్లేదు. ఆయన మేక నిలబడితే దాని మొండితనం కూడా కాగితం మీదికి వస్తుంది. తోట వైకుంఠం గారి ఆడవాళ్లను ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు. పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, ఎర్రటి చీర. చిన్నప్పుడు కరీంనగర్ వైపు ఊళ్లలో ఆడవేషం కట్టే నాటకాలవాళ్లను చూసి ముచ్చటపడేవాణ్నని ఆయనే చెబుతుంటారు. ఆ సింగారం అక్కడిదేనేమో. ఆ రంగుల ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. అయితే నాకు ఒక చిన్న పేచీ ఉంది, పెద్దవాళ్లతో ఆ మాత్రం పేచీ ఉండొచ్చు. ఆ ఆడవాళ్లు ఎక్కువగా తయారై కూర్చుని ఉంటారు. వాళ్లు లేచి పనిలోకి పోయాక ఎట్లా ఉంటారో చూడాలని నాకు ఉంటుంది. అది వారి బొమ్మల్లో లోపమేమీ కాదు. మా ఇంట్లో ఆడవాళ్లు తయారై కూర్చోవడం నేను చూసింది తక్కువ.

ఫ్లెక్సీలు వచ్చాక మా ఉస్తాద్ షాపు మూతపడింది. ఒక్క రాత్రిలో ప్రింటై వచ్చే దాని ముందు ఎనామిల్ డబ్బా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆయన కొన్నాళ్లు లారీల వెనక పూలు, చిలకలు వేశాడు, తర్వాత కొడుకు దగ్గరికి పోయాడు. ఆయన రాసిన బోర్డు ఒకటి పాత బజారులో ఒక మందుల షాపు మీద చాలాకాలం ఉండేది, ఎండకు వెలిసి అక్షరాల నీడ మాత్రం మిగిలింది. ఆ దారిన పోయినప్పుడల్లా ఆ తలకట్టులు చూసుకునేవాణ్ని.

మా తమ్ముడి మనవడు ఫోనులో బొమ్మలు వేస్తాడు. "తాతా, ఫోటో తీసుకుని ఇంటికాడ కూసొని ఏస్కోవచ్చు గద, గీ ఎండల ఎందుకు?" అంటాడు. ఫోటోలు నేనూ తీస్తాను, రంగులు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి. కానీ ఫోటోలో మనిషి ఆగిపోయి ఉంటాడు. ఆగకముందు ఎటు వంగాడో, ఆ తర్వాత ఎటు లేస్తాడో దాంట్లో ఉండదు. నేను గీసే గీత ఆ ముందూ వెనకలది. వాడికి ఇది చెబితే సరే సరే అని తల ఊపి మళ్లీ ఫోనులోకి పోయాడు. వాడి బొమ్మలు బాగానే ఉంటాయి, ఆ మాట కూడా చెప్పాలి. వాళ్లమ్మ బట్టలు ఆరేస్తున్నట్టు ఒకటి వేశాడు, క్లిప్పు నోట్లో పెట్టుకున్న తీరు అచ్చం అట్లాగే ఉంది.

రిటైరయ్యాక నా మకాం పాత బస్టాండు దగ్గరి ఆటోల మధ్య. డ్రైవర్లు కూర్చునే తీరు చూడండి ఎప్పుడైనా. పక్కన ఇంకో ఇద్దరిని ఇరికించుకున్నప్పుడు సగం సీటు మీద, ఒక భుజం బయటికి, ఒక కాలు బయటికి, మనిషి మొత్తం ఏటవాలుగా. బండి ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొందరు అలవాటుగా అట్లాగే కూర్చుంటారు. పక్కన మనుషులు లేకపోయినా వాళ్ల కోసం జాగా వదిలి ఉంటుంది. దీన్ని పట్టుకోవాలని చూస్తున్నాను, ఇంకా సరిగ్గా చిక్కలేదు. స్కెచ్ పుస్తకం తెరవగానే నలుగురు చుట్టూ చేరతారు. మొదట "సార్, మునిసిపాలిటీ నుంచా?" అని భయపడ్డారు, ఇప్పుడు అలవాటైంది. ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు వెయ్యలేదని ఒకరు, మీటరు వేశారేంది సార్, అది ఎన్నడన్న తిరిగిందా అని ఇంకొకరు. మీటరు తుడిపేశాను.

మొన్న వాళ్లలో పెద్దవాడు పక్కకు పిలిచి, "సార్, మా బామ్మర్దిని ఒకపారి మంచిగ ఏస్తరా? గాడు గూడ ఆటోనే నడ్పుతడు. సంబంధాలు సూస్తున్నం. ఫోటోల మొకం గంత మంచిగొస్తలేదు" అన్నాడు. వేస్తాను, కానీ ఆటోలో కూర్చున్నట్టు వేస్తానన్నాను. వాడు కంగారుపడ్డాడు. "ఆటో ఎందుకు సార్, కుర్సీల ఏయుర్రి. పిల్ల తరఫోళ్లకు మొకం కనవడ్తే సాలు." ఆటో లేకపోతే అతను సగం సీటు మీద ఎందుకు కూర్చున్నాడో ఎవరికీ తెలియదని చెప్పి చూశాను. "సగం సీటు మీద గూడ ఎందుకు సార్, మంచిగ నిండ కూసోవెడ్దం" అంటాడు. ఇంకా బేరం తెగలేదు.